చిటికెన వేలికి మాత్రం ఏమీ కాలేదు

రాయగడలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను, ఇరవై రెండేళ్లుగా. కుడిచేతి తిమ్మిరి ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను గానీ, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటూ కూర్చోవడం మాత్రం అలవాటైపోయింది. విదిలిస్తే కాస్త తగ్గేది, కన్ను మూతపడేసరికి మళ్లీ చీమలు పాకేవి. అత్తమ్మ నువ్వుల నూనె రాసి కాపడం పెట్టేది. మొదట చూపించుకున్న డాక్టరుకి ఒడియాలో ఝిమ్‌ఝిమ్ అని చెప్పుకుంటే మెడకి ఎక్స్‌రే తీయించి ఎముకలు అరిగాయన్నారు. మెడపట్టీ వేసుకుని ఏడాది తిరిగాను. అది పెట్టుకుని మిషన్ మీద వంగడం ఎలా ఉంటుందో కుట్టేవాళ్లకే తెలియాలి.

చైత్రంలో మజ్జిగౌరమ్మ జాతర ముందు చేతినిండా పని. ఆ హడావిడిలో ఇస్త్రీపెట్టె చూపుడు వేలికి అంటుకుంటే, బొబ్బ లేచాక గానీ నాకు తెలియలేదు. మా ఆయన ఇంక ఆగలేదు, మర్నాడే విశాఖపట్నం రైలెక్కించారు.

అక్కడి డాక్టరు ముందు అడిగింది చిటికెన వేలి గురించి. "దానికీ తిమ్మిరి ఉందామ్మా?" లేదండీ. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు సగం, అంతే. చిటికెన వేలి నరం వేరట. ఈ మూడున్నర వేళ్లదీ మీడియన్ నరమట, మణికట్టులో ఇరుకైన సందులోంచి వెళుతుందట, అక్కడ నొక్కుకుపోతే ఇలా తిమ్మిరి పడుతుందట, దాన్నే కార్పల్ టనెల్ అంటారట. ఏడాదిలో ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ గమనించుకోలేదు. రెండు మణికట్లూ కిందికి వంచి ఉంచమన్నారు, నిమిషం కాకుండానే తిమ్మిరి పాకింది. తర్వాత రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టించారు. ఎడమచేతి బొటనవేలి మొదట్లో కండ దిబ్బలా ఉంది, కుడిచేతికి అక్కడ గుంట. రోజూ చూసుకునే చెయ్యే! నరాల పరీక్షలో సివియర్ అని వచ్చింది, రక్తపరీక్షలో థైరాయిడ్ కూడా బయటపడింది, అదీ ఒక కారణం కావచ్చన్నారు. తొందరగా వచ్చుంటే రాత్రిళ్లు మణికట్టుకి పట్టీ, మహా అయితే ఒక ఇంజెక్షన్‌తో పోయేదేమో, కండ కరిగాక ఆపరేషన్ వాయిదా వెయ్యకూడదన్నారు.

చేతి వరకే మత్తు, ఆ సూది పోటే అన్నిటికంటే బాధ. నరాన్ని నొక్కుతున్న గట్టి నారలాంటి లిగమెంటుని కోసి వదులు చేశారు, ఇరవై నిమిషాల పని. తెర అవతల గట్టి బకరం గుడ్డ కత్తిరిస్తున్నట్టు వినిపించింది, నా చెవులకి అన్నీ అలాగే వినిపిస్తాయి లెండి.

ఆ రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను. పన్నెండో రోజు కుట్లు తీశారు. అయితే అరచెయ్యి ఆనించి లేవాలంటే మూడు నెలలు ప్రాణం పోయేది, పెద్ద కత్తెర పట్టుకుంటే జారిపోయేది, ఇలా ఉంటుందని ముందే చెప్పి ఉంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు. ఎనిమిది నెలలైంది. గుంట సగమే పూడింది, మిగతాది నిండుతుందో లేదో చెప్పలేమన్నారు. కటింగూ మిషనూ నేనే చేసుకుంటున్నాను, హుక్కులు మాత్రం పట్టు చిక్కడం లేదు. మా ఆడపడుచు కూతురు కుట్టి పెడుతోంది, జాకెట్టుకి పది రూపాయలు వసూలు చేసి మరీ.