మిద్దె మీద తునకలు

నిద్ర పడ్తలేదు, అందుకే ఫోన్ తీసిన. ఈయన, చిన్నోడు ఎప్పుడో పడుకున్నరు.

పొద్దున పెద్దకూర, అంటే బర్రె మాంసం తెప్పిచ్చి తునకలు పెట్టిన, ఎండబెట్టి దాచుకునే మాంసం ముక్కలన్నట్టు. తొడ భాగం, కొవ్వు లేకుండ. కొవ్వు ముక్క ఒక్కటున్నా ఎండదు, వాసన పడ్తది. ఉప్పు, పసుపు పట్టిచ్చి, వాన తెరిపిచ్చింది కదా అని మిద్దె మీద దండెం కట్టి ఆరేసి కిందికొచ్చిన్నో లేదో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఫోన్. "మేడం, పైన మాంసం ఆరేసిన్రంట, కంప్లైంట్ వచ్చింది, జర తీసెయ్యండి." ఏం మాంసం అని కూడ అడిగిండు. బర్రెది సార్ అన్న. "అదే మేడం, ఎందుకొచ్చిన లొల్లి" అన్నడు. లొల్లి ఎవరు పెట్టిన్రు? 1977ల వచ్చిన చట్టం ఆవును కొయ్యొద్దంటది, బర్రెను సర్టిఫికెట్ తీసుకోని కోస్తరు, కొనుక్కొని తినుడు ఎట్ల తప్పయితది? అదే మిద్దె మీద ఎండాకాలమంత వడియాలు, ఊరమిరపకాయలు, పక్క బ్లాకోళ్ల ఎండు రొయ్యలు కూడ ఎండినయి, అవ్వి ఎవ్వరి ముక్కుకూ తగల్లే.

మా అమ్మ అయితే కత్తిపీట ముందట కూసోని, ముక్కను చేతుల్ల తిప్పుకుంట తిప్పుకుంట కోస్తుంటే తెగకుండ పొడుగ్గ రిబ్బన్ లెక్క దిగేది. వాకిట్ల ఈ మూల నుంచి ఆ మూలకు తాడు, ఎర్రగ వరుసగ తునకలు, కాకులు రాకుండ నాకూ తమ్మునికీ చెరో కట్టె. మే నెల ఎండకు రెండు మూడు దినాలల్ల ఎండిపోయేయి, ఇరిస్తే టప్పుమనాలె, అప్పుడు కుండల పోసి మూతి కట్టేది. కిలోకి మూడో వంతు కూడ మిగలకపోయేది. వానాకాలం కూలి దొరకని దినాలల్ల అవ్వే మాకు కూర. నిప్పుల మీద కాల్చి, రోట్లె దంచి, ఉల్లిగడ్డ కారం కలిపి ఇస్తుండె. పుంటికూరల వేసి వండితే ఆ పులుపుకు ముక్క మెత్తగై, రసమంత లోపలికి గుంజుకునేది, పక్కింటి పిల్లలు కూడ గిన్నె పట్టుకోని వచ్చేటోళ్లు.

సరే, తీసుకొచ్చి ఓవెన్ల పెట్టిన. ముందు ముక్క లోపల 71 డిగ్రీలు వచ్చేదాక వేడి చేసి, తర్వాత 60 మీద తలుపు కొంచెం తెరిచి ఆరబెడ్తే రోగాల క్రిముల భయముండదు, అమెరికాల జెర్కీ అని ఎండు మాంసం చేసేటోళ్లకూ ఇదే చెప్తరు. ఎండ తగలంది తునక ఎట్లయితది అని కూసున్న గాని, సాయంత్రం ఒకటి తీసి ఇరిచి చూస్తే లోపల తడి లేదు, రంగు కూడ మంచిగనే తిరిగింది. నిజం చెప్పాలంటే ఈ ముసురుల మిద్దె మీదున్నా ఎండకపోతుండె, ఈగలు ముసురుతుండె. వానాకాలానికి ఓవెనే నయం. చిన్నోడు వేడివేడిగ రెండు నమిలి ఇంకోటి అడిగిండు.

అయినా కోపం పోతలేదు. ఈగలకు భయపడి నేను తీస్తే అది వేరే ముచ్చట, వాళ్లు తీపిచ్చుడు వేరే. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల పెద్ద మెసేజ్ టైప్ చేసిన, ఈయన వద్దన్నడు, చెరిపేసిన. ఇప్పుడు అనిపిస్తుంది, గ్రూపుల రాసుడు ఎందుకు, ఆదివారం మీటింగ్ ఉంది కదా, అందరి ముందట లేచి అడుగుత. మిద్దె మీద తినే వస్తువులు ఆరేయొద్దంటే వడియాలకూ అదే రూల్ పెట్టున్రి. లేదంటరా, వచ్చే ఎండాకాలం నా దండెం కూడ అక్కడనే కడ్త.