నీళ్లు దిగాక: సింగ్ నగర్ ఇల్లు, తాతగారి భోషాణం ఆరిన లెక్కలు

ఆదివారాలు మేడ మీది గదిలో వడ్రంగం చేసుకోవడం నాకు పదేళ్లుగా ఉన్న సరదా. చేసే ప్రతి వస్తువుకీ నోట్‌బుక్‌లో తేదీలు, కొలతలు రాసుకుంటాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్‌ను ముంచింది. ఆ తర్వాత ఆరు నెలలు అదే నోట్‌బుక్‌లో మా ఇంటిని ఆరబెట్టిన లెక్కలు రాశాను. రేపు ఇంకెవరింట్లోకైనా నీళ్లొస్తే పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాను.

సెప్టెంబరు 10, మంగళవారం

మొదటి రెండు రోజులు మేడ మీదే ఉండి, పడవలో బయటపడి గుడివాడ వెళ్లాం. వినాయక చవితి నాటికి బుడమేరు గండ్లు పూడ్చారు. ఇవాళ ఇంటికి వచ్చాం. హాల్లో నీళ్ల గీత నేల నుంచి 4 అడుగుల 7 అంగుళాలు. అడుగున నాలుగు వేళ్ల మందం బురద.

దేన్నీ కదపకముందే ఫోటోలు తీశాను. గీత దగ్గర టేపు ఆనించి ఒకటి, ప్రతి గది నాలుగు మూలలూ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల మీది సీరియల్ నంబర్లు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు కడగడానికి ముందే కంపెనీకి ఫోన్ చేసి చెప్పాలి. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేసి చూడకూడదు. ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉంటే ఒక్క సెల్ఫ్‌తో మొత్తం పోతుంది. అలా పోయినదానికి క్లెయిమ్ రావడం కూడా కష్టం.

వీధికి కరెంటు వచ్చినా మా మెయిన్ దించే ఉంచాం. ఇన్వర్టర్ వైర్లు ఎలక్ట్రీషియన్ చేత విడదీయించాం. బయట కరెంటు లేకపోయినా దానివల్ల షాక్ కొడుతుందన్న సంగతి చాలామందికి తట్టదు.

సెప్టెంబరు 11, 12

బురద తడిగా ఉండగానే ఎత్తేయాలి. ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. పార, తట్ట, ఆ తర్వాత వైపర్. మోకాళ్ల దాకా బూట్లు, రబ్బరు గ్లౌజులు, మాస్కు. కాలికి చిన్న గాయం ఉన్నా ఆ నీళ్లలో దిగొద్దు, ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం చాలా ప్రమాదం. మా వీధికి ఫైరింజన్ వచ్చినప్పుడు ముందు గదుల్ని దాంతోనే కడిగించాం.

బాత్‌రూమ్ కడిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ పోయకూడదు. ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

పారేసినవి: పరుపులు, సోఫా, పార్టికిల్ బోర్డు కప్‌బోర్డులు (పొంగి అటుకుల్లా విడిపోయాయి), రెండు ఫ్లష్ డోర్లు. ఉంచినవి: టేకు ద్వారబంధాలు, ఇనుప బీరువా, తాతగారి భోషాణం (పెద్ద చెక్కపెట్టె).

ఫోటో ఆల్బమ్ దగ్గర అమ్మ కూర్చుని ఏడ్చింది. అంటుకున్న ఫోటోలను లాగనివ్వలేదు నేను. మంచినీళ్ల టబ్బులో వేసి, వాటంతట అవి విడిపోయాక బొమ్మ పైకి ఉండేలా దుప్పటి మీద నీడలో ఆరబెట్టాం. ఆరోజు చూడలేకపోయినవాటిని కవర్లో చుట్టి పక్కింటి మేడ మీది ఫ్రీజర్‌లో పెట్టించాను, గడ్డకడితే పాడవకుండా ఆగుతాయి. అమ్మానాన్నల పెళ్లి ఫోటోలు తొమ్మిదింటిలో ఏడు దక్కాయి.

సెప్టెంబరు 15, ఆదివారం

సంపు 5 వేల లీటర్లు. బురద తోడించి, గోడలు రుద్ది, మంచినీళ్లు నింపి 800 గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడర్ బకెట్‌లో కలిపి, తేరిన నీళ్లు మాత్రం పోశాను. ఒక రోజంతా ఉంచి తోడేసి మళ్లీ నింపాం. తాగడానికి మాత్రం నెలంతా క్యాన్ నీళ్లే.

ఎలక్ట్రీషియన్ మునిగిన స్విచ్చులు, ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే ట్రిప్పయ్యేవి) అన్నీ మార్చాడు. గోడలో పైపుల్లో నిలిచిన నీళ్లను కంప్రెసర్‌తో ఊదించాడు. తర్వాత మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టి 500 వోల్టుల దగ్గర చూస్తే వంటింటి లైన్ ఒక మెగోమ్ కూడా చూపించలేదు, అంటే అక్కడ ఇన్సులేషన్ దెబ్బతింది. ఆ లైన్ వైర్లన్నీ లాగేసి కొత్తవి వేశాం. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన 25 వేలు మాకు ఈ వైరింగ్‌కే సరిపోయాయి.

సెప్టెంబరు 22, ఆదివారం

ఇవాళంతా భోషాణంతోనే. బందరు నుంచి తాతగారు తెచ్చుకున్న టేకు పెట్టె అది. పాత జిగురు నీళ్లకు కరిగిపోయి అతుకులు వదులయ్యాయి, స్పిరిట్ పాలిష్ తెల్లగా పాలిపోయింది. చూసినవాళ్లంతా ఎండలో పెట్టమన్నారు. వద్దు. పైపొర ముందు ఎండి లోపల తడి అలాగే ఉంటే పలక పగులుతుంది, వంకర తిరుగుతుంది. విడిపోయిన పలకలకు నంబర్లు రాసి, మధ్యలో అంగుళం మందం పుల్లలు పెట్టి పేర్చి, పైన నాలుగు సిమెంటు ఇటుకల బరువు పెట్టాను. ఫ్యాను గాలి పక్క నుంచి తగిలేలా, నీడలో.

చెక్కలో సూదులు గుచ్చి తేమ చూసే మీటర్ కొన్నాను. పలకల్లో తేమ 31 శాతం. నీళ్లు తగలని మేడ మీది తలుపు 12. అంటే అక్కడిదాకా రావాలి.

గోడలకు ఈ మీటర్ శాతం లెక్క సరిగా చెప్పదు. అందుకని మేడ మీది పొడిగోడ అంకె రాసుకుని, కింది గోడల్ని దానితో పోల్చి చూసుకుంటున్నాను.

అక్టోబరు 13, ఆదివారం

దసరాకు రంగులు వేయించమని ఇంట్లో ఒకటే గొడవ. పెయింటింగ్ కాంట్రాక్టరు ఒకాయన వచ్చి, వాటర్‌ప్రూఫ్ పుట్టీ కొట్టి పది రోజుల్లో అప్పగిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. గోడ లోపలి నీరు బయటికి రావాల్సిన దారిని మనమే మూసేస్తే ఎలా? పైగా నేను రంగు, పాత పుట్టీ గీత మీద ఒక అడుగు దాకా గీకించేశాను. ఇల్లు చూడటానికి ఘోరంగా ఉంది. గోడలు మాత్రం ఊపిరి పీల్చుకుంటున్నాయి.

మా మేస్త్రి చెప్పిన లెక్క: గోడ నెలకు ఒక అంగుళం ఆరుతుంది. తొమ్మిది అంగుళాల గోడ రెండు వైపుల నుంచీ ఆరితే నాలుగున్నర నెలలు. వానలు పడితే ఇంకా ఎక్కువ.

బయట వాన పడుతుంటే కిటికీలు మూసి లోపల ఫ్యాన్లు, పొడి ఎండ ఉంటే అన్నీ తెరవడం. బీరువా గోడకు జానెడు దూరం జరిపాం. దాని వెనక అప్పటికే నల్లగా బూజు, సబ్బునీళ్ల గుడ్డతో తుడిచాం. పొడిగా దులిపితే గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నవంబరు 17, ఆదివారం

వీధిలో దసరాకు రంగులు వేసిన ఇళ్లలో రెండింటికి దీపావళి దాటగానే బుడగలు లేచాయి. పాపం, వాళ్లు ఖర్చు రెండోసారి పెట్టుకోవాలి.

మా గోడల మీద తెల్లటి ఉప్పు పూసింది. తడిగుడ్డ పెడితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, చేటలోకి ఎత్తి బయట పారేస్తున్నాను. వారానికోసారి.

భోషాణం పలకలు 17.

2025 జనవరి 19, ఆదివారం

పలకలు 12, 13. సంక్రాంతి సెలవుల్లో పెట్టె తిరిగి కూర్చాను. పాత జిగురు గోరువెచ్చని నీటితో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కొత్త జిగురు పెట్టి క్లాంపులు బిగించి ఒక రోజంతా వదిలేశాను. ఒక్క అడుగు పలక మాత్రం కొద్దిగా వంగింది. దాన్ని చిత్రిక పట్టలేదు. తాతగారి చేతిరాతలో నంబరు ఉంది దాని మీద.

గోడకు పాలిథీన్ పరీక్ష: రెండు అడుగుల కవరు నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రోజు తర్వాత చూడాలి. హాల్లో పొడిగా ఉంది. దేవుడి గది గోడ మీద ఇంకా చెమ్మ చుక్కలు. ఆ గోడకు అవతల బాత్‌రూమ్.

ఫిబ్రవరి 16, ఆదివారం

హాలుకు, రెండు గదులకు సున్నం కొట్టించాం, రంగు తర్వాత వేయిస్తాం. భోషాణానికి స్పిరిట్ పాలిష్ మూడో పూత అయింది. అమ్మ ఆ ఏడు ఫోటోలు అందులోనే పెట్టమంది, కవర్లో చుట్టి, పై అరలో.

దేవుడి గది కవరు కింద ఇంకా నాలుగు చుక్కలున్నాయి. టేపు మార్చి మళ్లీ అంటించాను.