ఒకటే చుట్ట

పదకొండు దాటింది. నిద్ర పట్టడం లేదు. ఇందాక చిన్నోడితో "వద్దు, ముట్టుకోకు" అన్నాను. ఆ మాట ఇంకా గుచ్చుతోంది.

మోటారు కిట్టు వచ్చింది వాడికి. ఒక సెల్, రెండు పిన్నీసులు, గుండ్రటి అయస్కాంతం, చుట్టి పెట్టిన రాగి తీగ. కొసల మీది ఎనామిల్ పూత, అదే కరెంటుని పోనివ్వని పూత, కూడా వాళ్ళే గీకేశారు. కాగితం మీద ఉన్న ఐదు బొమ్మలు చూసి పది నిమిషాల్లో బిగించాడు. చుట్ట గిర్రున తిరిగింది, వాడు గంతులేశాడు. ఐదో బొమ్మ కింద "మీ మోటారు సిద్ధం" అని ఉంది. అంతే! ఎందుకు తిరుగుతోందో ఒక్క ముక్క లేదు. ఒక కొసని పూర్తిగా గీకి, రెండోదాన్ని సగమే ఎందుకు గీకారో అసలే లేదు. మోటారు గుట్టంతా ఆ సగంలోనే ఉంది కదా! ఒళ్ళు మండింది. పెట్టె మీద అంత పెద్ద అక్షరాలతో సైన్స్ అని వేసి, లోపల బిగించడం మాత్రం నేర్పితే ఎలా?

నేను ఏడో తరగతిలో పాత ట్రాన్స్‌ఫార్మర్ తీగ విప్పి ఇదే చేశాను. రెండు కొసలూ బ్లేడుతో శుభ్రంగా గీకాను. చుట్ట ఉలిక్కిపడినట్టు కదిలి, అటూ ఇటూ ఊగి ఆగిపోయేది. సెల్ మార్చాను. అయస్కాంతం తిరగేశాను. చుట్లు పెంచాను. నాలుగో రోజు అన్నయ్య చూసి, "కరెంటు ఆగకుండా పోతుంటే, సగం తిరిగాక అయస్కాంతం దాన్ని మళ్ళీ వెనక్కే లాగుతుందే. ఇంకో తీగ తీసుకో. ఒక కొసకి సగం పూత ఉంచు. అక్కడ కరెంటు ఆగుతుంది, ఉన్న ఊపుతో మిగతా సగం తిరిగేస్తుంది" అన్నాడు.

ఇక్కడిదాకా రాసి ఆగాను. ఆ నాలుగు రోజులే నాకు నేర్పాయని ఎన్నిసార్లు చెప్పుకున్నానో. నిజానికి మూడో రోజు ఏడ్చి, అన్నీ మంచం కిందకి నెట్టేశాను. అన్నయ్య తియ్యకపోతే అక్కడే ఉండిపోయేవి. 1821లో శాస్త్రవేత్త ఫారడే పాదరసం గిన్నెలో తీగని కరెంటుతో అయస్కాంతం చుట్టూ తిప్పాడు. కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని ఆయిర్‌స్టెడ్ అనే ఇంకో శాస్త్రవేత్త అంతకు ముందు ఏడాదే చూపించాడు. ఫారడేకే ఒకరు కొంత దూరం దారి వేసి పెట్టారు. ఇంట్లో చెప్పేవాళ్ళు లేని పిల్లకి, మొదటిసారే తిరిగే మోటారు ఎంత ధైర్యం! ముందే గీకి ఇచ్చారన్న కోపం వెనక్కి తీసుకుంటున్నాను.

చుట్ట ఒకటే ఇచ్చారన్న కోపం మాత్రం పోవట్లేదు. పాడుచేసుకోవడానికి ఇంకో మూర తీగ పెట్టొద్దూ? పడుకునే ముందు వాడు, "అమ్మా, ఆ సగం కూడా గీకేస్తే ఇంకా స్పీడుగా తిరుగుతుందేమో?" అన్నాడు. అచ్చం నా ఏడో తరగతి ఆలోచన! నేనేమో "ఒకటే ఉంది, పాడైపోతుంది" అనేశాను. సరేనని అటు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడే తట్టింది. గోళ్ళ రంగులోంచి కరెంటు పోదు. గీకేసిన సగం మీద పల్చగా పూసి ఆరనిస్తే పూత మళ్ళీ వేసినట్టే. సీసా అలమరలోనే ఉంది. పొద్దున్నే గరుకు కాగితం వాడి చేతికిస్తాను.