పరాయి దేశంలో పాదం ఆపరేషన్: సర్జన్‌ని, ఆసుపత్రిని ఎలా ఎంచుకున్నాను

నా కుడి పాదం బొటనవేలు పక్క వేలి మీదికి వాలిపోయింది. దాని మొదట్లో కీలు బయటికి పొడుచుకొచ్చి, ఏ బూటు వేసుకున్నా ఒరుసుకునేది. డాక్టర్లు దీన్ని హాలక్స్ వాల్గస్ అంటారు. వెడల్పాటి బూట్లు, వేళ్ల మధ్య పెట్టుకునే సిలికాన్ ముక్కలు నొప్పి తగ్గిస్తాయి గానీ, పక్కకు జరిగిన ఎముకను వెనక్కి తేలేవు. రోజువారీ నడకే కష్టమైతే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. పాదం చూడటానికి బాగాలేదని మాత్రం చేయించుకోకూడదు. అడక్కముందే ఈ మాట చెప్పిన సర్జన్ మీద నాకు మొదట గురి కుదిరింది.

ఇక్కడే చేయించుకోవాలా, సెలవు పెట్టి స్వదేశానికి వెళ్లాలా అన్నదే అసలు చిక్కు. చాలామంది ఖర్చు ఒక్కటే లెక్క వేస్తారు. నేను వారాలు లెక్క వేశాను. ఆపరేషన్ సుమారు గంట పని. కుట్లు విప్పడానికి రెండు వారాలు, కోసి సరిచేసిన ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మామూలు బూటు పట్టేంతగా వాపు తగ్గడానికి నెలలు పట్టొచ్చు. ఆరో వారంలో ఎక్స్‌రే తీసి, కోసిన ఎముకను పట్టి ఉంచే స్క్రూ కదిలిందా, ఎముక అతుకుతోందా అని చూడాల్సింది కోసిన డాక్టరే. ఆపరేషన్ చేసిన దేశంలో అప్పటిదాకా ఉండలేకపోతే, ఆ తర్వాత తలెత్తే ఇబ్బందిని తలకెత్తుకునే వాళ్లు దొరకడం కష్టం. వేరొకరు చేసిన ఆపరేషన్‌ని మధ్యలో అందుకోవడానికి ఏ సర్జనూ సులభంగా ఒప్పుకోడు. పైగా కాలు కదలకుండా ఉన్న రోజుల్లో గంటల తరబడి విమానంలో కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇంతకుముందు అలా గడ్డకట్టినా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా ఆ సంగతి ముందే చెప్పాలి. డాక్టర్ని అడగకుండా తిరుగు టికెట్ కొనకూడదు. అమ్మానాన్నల దగ్గర చేయించుకోవాలనుకునేవాళ్లు కనీసం రెండు నెలలు అక్కడ ఉండేలా చూసుకుంటే ఆ దారీ మంచిదే.

సర్జన్ని వెతికేటప్పుడు ఎముకల డాక్టర్ అయితే చాలనుకోకండి. మోకాళ్లు, తుంటి చేసేవాళ్లు వేరు. ఆర్థోపెడిక్స్ తర్వాత పాదం, చీలమండల మీద ఫెలోషిప్ అనే అదనపు శిక్షణ చేసినవాళ్లు వేరు. కొన్ని దేశాల్లో పోడియాట్రిస్టులు, అంటే పాదాల వైద్యం మాత్రమే చేసేవాళ్లు కూడా ఈ ఆపరేషన్లు చేస్తారు. వాళ్ల శిక్షణ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఆ దేశపు రిజిస్టర్లో పేరు, లైసెన్సు, ఆపరేషన్ చేసే అర్హత చూసుకోవాలి. తర్వాత నేరుగా అడగాలి: ‘నాకు చేయబోయే ఈ రకం ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? కోసేది మీరేనా, మీ దగ్గర నేర్చుకునేవాళ్లా?’ ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకునే డాక్టర్ దగ్గరికి నేను రెండోసారి వెళ్లలేదు.

ఎక్స్‌రే గురించి కాస్త వివరంగా చెప్పాలి. పాదం మీద పూర్తి బరువు వేసి, నిలబడి తీయించుకోవాలి. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య ఎడం తక్కువగా కనబడి వంకర అసలు స్థాయి తెలియదు. మంచి సర్జన్ ఆ చిత్రాన్ని తెర మీద పెట్టి, బొటనవేలి ఎముక మీదుగా ఒక గీత, దాని వెనక పొడవాటి ఎముక మీదుగా ఇంకో గీత గీస్తాడు. ఆ రెంటి మధ్య కోణం 15 డిగ్రీల లోపుంటే మామూలు. మొదటి, రెండో పొడవాటి ఎముకల మధ్య కోణం 9 డిగ్రీల లోపుండాలి. ఆ తర్వాత పాదం మధ్యలో కీలును రెండు చేతుల వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి, వదులుగా ఉందేమో చూస్తాడు. వంకర తక్కువగా ఉంటే ఆ పొడవాటి ఎముక చివర కోసి జరిపే షెవ్రాన్ అనే పద్ధతి సరిపోవచ్చు. ఎక్కువైతే ఎముకను పొడవునా కోసి జరిపే స్కార్ఫ్, పాదం మధ్య కీలు బాగా వదులైతే దాన్ని స్క్రూలతోనో ప్లేటుతోనో బిగించి అతికించే లాపిడస్ చేస్తారు. అందరికీ ఒకే పద్ధతి చెప్పేవాళ్లు, కొలవకుండానే తేదీ ఇచ్చేవాళ్లు ఉంటారు. అక్కడ రెండో అభిప్రాయం తప్పనిసరి.

వంకర మళ్లీ రావడం, వేలు బిగుసుకుపోవడం, వేలి పక్కన తిమ్మిరి, ఎముక అతకకపోవడం, బరువు పక్క వేళ్ల కిందికి జరిగి అక్కడ నొప్పి రావడం, ఇవన్నీ జరగొచ్చు. జరిగితే ఏం చేస్తారో అడిగి తెలుసుకోండి. పొగతాగితే ఎముక అతుకు మందగిస్తుంది. షుగరు అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు, చీము పట్టే ప్రమాదం ఎక్కువ. వాడే మాత్రలకు స్వదేశపు బ్రాండు పేర్లు చెబితే ఇక్కడ అర్థం కాదు. మందు అసలు పేరు, మోతాదు కాగితం మీద రాసుకుని వెళ్లాలి. రక్తం పల్చబడే మందులుంటే మరీ ముఖ్యం.

భాష సంగతి చులకనగా తీసుకోవద్దు. ‘బరువు వేయొద్దు’ అన్నదానికీ ‘మడమ మీద మాత్రం వేయొచ్చు’ అన్నదానికీ తేడా తెలియక పాదం ఆనిస్తే స్క్రూ కదిలిపోవచ్చు. ఆసుపత్రి దుబాసీని ఇస్తుందేమో ముందే అడగండి. ఇంటి పిల్లల చేత అనువాదం చేయించొద్దు. సమ్మతి పత్రం ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదవండి.

ఆసుపత్రి విషయంలో చూడాల్సింది గదుల హంగులు కాదు. రాత్రి కట్టు తడిసి రక్తం కనబడినా, పిక్క వాచి నొప్పి పుట్టినా ఫోన్ ఎత్తేదెవరు? ఆ నంబరు చేతికి రావాలి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం ఆ నంబరు కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి. నరం దగ్గర మత్తు ఇస్తే తొలి రాత్రి నొప్పి తెలియదు. అది దిగాక ఒక్కసారిగా పుంజుకుంటుంది, అందుకే మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకోవాలి. ఇన్సూరెన్స్ ఉంటే ముందస్తు అనుమతి కాగితం రూపంలో తెప్పించుకోండి. సర్జన్, ఆసుపత్రి, మత్తు డాక్టర్, స్క్రూలు, ఫిజియోథెరపీ బిల్లులు వేర్వేరుగా రావొచ్చు. సర్జన్ పాలసీ జాబితాలో ఉండి, మత్తు డాక్టర్ లేకపోవడం మామూలుగా ఎదురయ్యే చిక్కు.

ఒంటరిగా ఉండేవాళ్లు ఆపరేషన్ ముందే చంక కర్రలతో మెట్లు ఎక్కి దిగడం నేర్చుకోవాలి. స్నానాల గదిలో స్టూలు, పాదాన్ని గుండె కంటే ఎత్తులో పెట్టుకోవడానికి దిండ్లు సిద్ధం చేసుకోవాలి. కుడి పాదమైతే కారు నడపడం సాధారణంగా ఆరు వారాలకు తక్కువ కాదు.

ఇంటికి పంపేటప్పుడు ఆపరేషన్ నోట్సు, స్క్రూల కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న కాగితం, ఎక్స్‌రేల డిస్కు అడిగి తీసుకున్నాను. రేపు ఇంకో దేశానికి మారితే, ఆ స్క్రూ తీయాల్సి వస్తే, దానికి సరిపోయే డ్రైవర్ ఏదో అక్కడి సర్జన్‌కి ఆ కాగితం చూస్తేనే తెలుస్తుంది.