పాలెగాడు బయటికొచ్చింది దొర కోసమే

తిరపతిలో గంగజాతర చాటింపు అయిందంటే ఇంక ఊరి పొలిమేర దాటకూడదు, మా నాయనమ్మ కాలం నుంచి అదే మాట. అవిలాల నుంచి కైకాల కులం వాళ్ళు సారె తెచ్చినాక, మంగళవారం రాత్రి చాటింపు ఏసినాక, వారం రోజులు ఎవరుండే చోట వాళ్ళే. గంగమ్మ ఎదకతాంది కదా, ఎవుణ్ణీ తప్పించుకోనీదు.

కథ మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు గంగమ్మ మీద కూడా చెయ్యెయ్యబోయినాడు, అమ్మ విశ్వరూపం చూపించేసరికి పారిపోయి దాక్కున్నాడు. అమ్మ రోజుకొక వేషం కట్టి ఎదికింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం. బండ వేషంలో వీధివీధీ తిరిగి బూతులు తిట్టింది, అయినా వాడు రాలా. నాలుగోది దొర వేషం. ఎవురో పెద్ద దొర ఊళ్ళోకొచ్చినాడంట అనేసరికి, దండం పెట్టుకుందామని బయటికొచ్చినాడు. అక్కడే తల తెగింది.

చిన్నప్పటి నుంచి వింటానే ఉండా గానీ ఇది నాకు తగిలింది మాత్రం పోయిన జాతరకే. బైరాగికి రాలేదు, తిట్లకి రాలేదు, దొరకొచ్చినాడు చూడండి.

నేను ఐదేళ్ళు పదవిలో ఉండే ఒక లీడర్ ఆఫీసులో లెటర్లు టైప్ చేసినా. పేరెందుకులే, మా అందరికీ అన్న. బ్రేక్ దర్శనం సిఫార్సు లెటరంటే తిరపతిలో దాని రేంజ్ ఏందో మీకు చెప్పాల్సిన పన్లేదు, పెండ్లిసంబంధాలు కూడా కుదిరిపోతాయి. పొద్దున ఆరుకే వరండా నిండా చెప్పులు, బెంగళూరు కార్లు, హైదరాబాద్ కార్లు. అన్న సంతకం పెట్టి కాయితం చేతికిచ్చేటప్పుడు ఎదుటోడి మొహంలో ఒక వెలుగొస్తాది, అది కొండ మీదుండే ఆయన్ని తల్చుకోని వచ్చే వెలుగు, మేమేమో మమ్మల్ని చూసి అనుకున్నాం. మేము అంటే నేను కూడా, అబద్ధమెందుకు, సీలు కొట్టేది నేనే కదా, ఆ ఠక్కుమనే చప్పుడుకి నాకూ ఒళ్ళు పులకరించేది.

మహాద్వారం దాటినాక శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు భార్యలతో చేతులు జోడించి నిలబడుంటాడు, విగ్రహాలు. 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు కొండకొచ్చిన చక్రవర్తి. మా లెటర్ పట్టుకోని పరిగెత్తినోళ్ళు ఎవురూ ఆయన్ని చూసింటారని నేననుకోను, నేనూ చూళ్ళా.

ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే దేవస్థానం వాళ్ళు సిఫార్సు లెటర్లు తీసుకోరు. అప్పుడే ఫోన్ సగం మూగబోయింది, టెంపరవరీలే అనుకున్నాం. కౌంటింగ్ రోజు మధ్యాన్నం కల్లా ఇంటిముందు టెంట్ ఖాళీ, సప్లయర్స్ వాడు అన్న చూస్తాండగానే కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఆటోలో ఏసుకోని పొయినాడు. గన్‌మేన్లకి అన్న పెండ్లాం, మాకందరికీ అక్క, అన్నం పెట్టి పంపించింది. తర్వాత ఒకరోజు అన్న నన్ను పిలిచి, "నా నంబర్‌కి ఒకసారి కొట్రా, పనిచేస్తాందో లేదో" అన్నాడు. కొట్టినా. మోగింది. అదే బాధ.

మూడు నెల్లు గది దాటలేదాయన. పాత వర్కర్లు ఇద్దరు ముగ్గురు వస్తే "నిద్రపోతాండాడని చెప్పు" అనేవాడు, ఒకాయన గేటు దగ్గర్నే నిలబడి బండ వేషమోళ్ళకి తీసిపోకుండా తిట్టి పొయినాడు, దానిక్కూడా రాలా. కడాకు రాజధాని నుంచి పెద్ద లీడర్ వస్తాండాడని ఫోనొచ్చింది చూడండి, గడ్డం గీసుకోని, తెల్లచొక్కా ఏసుకోని అర్ధగంట ముందే హాల్లో కూర్చున్నాడు. ఆ లీడర్ పది నిమిషాలుండి, కాఫీ సగం తాగి, పక్కూరి సీటు గురించి ఎవురితోనో ఫోన్లో మాట్లాడతానే కారెక్కినాడు. అప్పుడు అన్న మొహం నేను చూళ్ళేకపోయినా.

అందుకే నాకు దొర వేషం కంటే దాని మరుసటి రోజు వేషం మీదే మనసు. దొర వేషం తీసేసిన అమ్మ మాతంగి అయ్యి ఎక్కడికి పొయ్యిందో తెలుసు కదా, పాలెగాడి ఇంటికే. వాడి పెండ్లాన్ని ఓదార్చేదానికి. చంపింది తనే, కన్నీళ్ళు తుడవడానికి పొయ్యిందీ తనే. మేము ఊరంతా పలావు తింటా మొగోళ్ళు చీరలు కట్టుకోని ఎగిరేది చూస్తాం గానీ ఈ ముక్క మీద ఎవురూ ఎక్కువసేపు నిలబడరు. అమ్మకి దొరతనం ఒక్కరోజు వేషం, మళ్ళా పొద్దున్నే తీసేసింది, తీసేసినాకే ఆ ఇంటి గడప తొక్కగలిగింది అని నాకనిపిస్తాది.

జాతర ఆఖరు రాత్రి మట్టితో చేసిన అమ్మ విశ్వరూపం చెంప నరికినాక ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. తోపులాటలో నాకు గోళీకాయంత దొరికింది. తెల్లారి అది పట్టుకోని అన్న ఇంటికి పొయినా. అక్క కళ్ళకద్దుకోని, మడిచి పెట్టుకునేదానికి కాయితం కోసం టేబుల్ సొరుగు లాగింది, పాత లెటర్‌హెడ్ల కట్ట, ఎనకపక్క పాలలెక్కలు రాసుకుంటాంది. ఒకటి చించి పొట్లం కట్టింది. అన్న ఆ పొట్లం చేతిలోకి తీసుకోని అటూ ఇటూ తిప్పి చూసి, "సీలు లేదే, అమ్మ తీసుకుంటాదంటావా?" అన్నాడు. ముగ్గురం నవ్వినాం, ఓడిపోయినాక ఆ ఇంట్లో నేనిన్న మొదటి నవ్వు అది.