తాతయ్య చేతివాటం

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. విప్పి చూస్తానంటే పోయిన నెల కీ ఇచ్చే పాత అలారం గడియారం ఒకటి ఇచ్చాను. బల్ల మీద తెల్లకాగితం పరిచింది. ఒక్కో స్క్రూ తీసి, గడియారంలో అది ఏ మూల ఉండేదో కాగితం మీద ఆ మూలే పెట్టి, పక్కన అంకె వేసింది. స్క్రూడ్రైవర్ ఎడమచేతిలో, కింది పెదవి పళ్ల మధ్య. నాకు ఒళ్లు జలదరించింది. అచ్చం మా నాన్న రేడియో విప్పినట్టే!

తను తాతయ్య దగ్గర గడిపింది మొత్తం కలిపినా రెండు నెలలుండదు. ఆయన ఏదైనా విప్పుతుంటే చూసిందే లేదు.

"రక్తంలో ఉంది" అంది అమ్మ ఫోన్లో. దూరదేశంలో పిల్లల్ని పెంచేవాళ్లకి ఆ మాట ఎంత ఊరటో! కొంత నిజమే కూడా. తాతయ్యలూ నానమ్మా అమ్మమ్మా, ఒక్కొక్కరి జన్యువులు పిల్లల్లో సగటున 25 శాతం. తాతయ్యది కాస్త పెరిగితే నానమ్మది అంత తగ్గుతుంది. నా ఎక్స్ క్రోమోజోమ్ మా అమ్మ ఇచ్చింది, అదే దాదాపు ఉన్నదున్నట్టు మా అమ్మాయికి వెళ్లింది. ఆ మేరకు తను నానమ్మ మనవరాలే.

చేతివాటం లెక్క ఇంత తేలిక కాదు. పది మందిలో ఒకరిది ఎడమచేతివాటం. తల్లిదండ్రులిద్దరిదీ అదే అయినా, పిల్లల్లో ఎక్కువమంది కుడిచేతివాళ్లే అవుతారు. మా నాన్నని బళ్లో కొట్టి మరీ కుడిచేత్తో రాయించారు. ఇప్పటికీ రాత కుడిచేత్తో, పనిముట్టు ఎడమచేత్తో. మా అమ్మాయి రాతా ఎడమచేత్తోనే. తను హోంవర్క్ చేస్తుంటే వీడియోలో ఆయన అలా చూస్తూ ఉండిపోతారు.

కానీ ఆ కాగితం? అది ఏ జన్యువూ నేర్పదు. తననే అడిగాను.

"నువ్వు లాప్‌టాప్ విప్పినప్పుడు అలాగే పెట్టావు కదా నాన్నా!"

నేనలా చేస్తానని నాకే తెలీదు. ఆయన పక్కన కూర్చున్న రోజుల్లో అంటుకుని ఉంటుంది. అయితే నాకు అంటనివీ చాలా ఉన్నాయి. చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్పేవారు నాన్న. అది నేను పట్టించుకోలేదు. నా దగ్గర లేనిది తనకెలా ఇస్తాను?

అందుకే ఆదివారం కాల్ పద్ధతి మార్చాం. ఇదివరకు "తిన్నావా తల్లీ" తో ఐదు నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు ఫోన్ వంచి చేతుల మీదకి పెడతాం. "బిగించు", "వదులు చెయ్యి", "ఇరుసు" తనకి వచ్చేశాయి. నేను మధ్యలో ఇంగ్లీషులో చెప్పడం మానేశాను. మాట అందకపోతే ఆయన చేత్తో చూపిస్తారు.

మొన్న గడియారం తిరిగింది గానీ, మధ్యమధ్య తడబడుతోంది. "విప్పకు తల్లీ, చెవి దగ్గర పెట్టుకో. ఎన్ని చప్పుళ్లకోసారి తడబడుతోందో లెక్కపెట్టు" అన్నారు. తను కళ్లు మూసుకుంది. అక్కడ ఆయనా మూసుకున్నారు.

"ముప్పై, తాతయ్యా."

"మళ్లీ విను."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ముప్పయ్యే."

"అయితే పదిహేను పళ్ల చక్రం చూడు. ఒక్కో పంటికి రెండు చప్పుళ్లు."