550 వాట్ల సప్లై, 650 అడిగే కార్డు: నేను ఎలా తేల్చుకున్నాను

ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు వివరాల్లో కనీసం 650 వాట్ల పవర్ సప్లై (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె) ఉండాలని రాసి ఉంటుంది. నా కేబినెట్‌లో ఉన్నది 550 వాట్లది. ఈ అంకె చూడగానే చాలామంది కార్డుతో పాటు కొత్త సప్లై కూడా కొనేస్తారు. ఇంకొందరు ఏదీ చూడకుండా బిగించేసి, గేమ్ మధ్యలో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే కార్డు పాడైందనుకుంటారు. నాకు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో గంటల తరబడి రెండరింగ్ (దృశ్యాలను తుది రూపంలోకి తేవడం) నడుస్తుంది. పని సగంలో కరెంటు తెగినట్టు ఆగిపోతే మొదటికొస్తుంది. అందుకే కార్డు కొనక ముందే సప్లై సంగతి పూర్తిగా తేల్చుకోవాలనుకున్నాను.

ముందుగా ఆ 650 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకున్నాను. ఆ కార్డు స్వయంగా తీసుకునేది 200 వాట్లే. మిగతాదంతా కంప్యూటర్‌లోని ఇతర భాగాల కోసం వేసిన అంచనా. మన దగ్గర ఏ ప్రాసెసర్ ఉందో, ఎలాంటి సప్లై ఉందో కార్డు కంపెనీకి తెలియదు. అందుకని పెద్ద ప్రాసెసర్ ఉందనుకుని, పైన కొంత మార్జిన్ కలిపి ఒక అంకె చెబుతుంది. కాబట్టి అది అందరికీ వర్తించే జాగ్రత్త, నా కంప్యూటర్‌కు వేసిన లెక్క కాదు. ఆ లెక్క నేనే వేసుకోవాలి.

దానికి మొదట చూడాల్సింది సప్లై పక్కన అతికించిన లేబుల్. నా కేబినెట్‌లో అది లోపలి వైపుకు ఉండటంతో, ప్లగ్ తీసి సప్లైని కొద్దిగా బయటికి లాగి ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. ఆ పెట్టెను మాత్రం విప్పకూడదు. ప్లగ్ తీసేశాక కూడా విద్యుత్తును నిల్వ ఉంచే లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉండొచ్చు. మనకు కావలసిందంతా బయట లేబుల్ మీదే ఉంటుంది.

లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే 550 కన్నా దాని కింద చిన్న పట్టికే అసలు విషయం చెబుతుంది. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తమ కరెంటును దాదాపు పూర్తిగా +12 వోల్టుల లైను నుంచే తీసుకుంటాయి. నా లేబుల్‌లో ఆ లైను దగ్గర 43 ఆంపియర్లు అని ఉంది. 12ను 43తో గుణిస్తే 516 వాట్లు. అంటే మొత్తం 550లో 516 వాట్ల వరకు పనికొచ్చే లైను మీదే దొరుకుతుంది. 3.3, 5 వోల్టుల లైన్లు రెండూ కలిపి 110 వాట్లు మించకూడదని పక్కనే ఉంది. 516, 110 కలిపితే 550 దాటుతుంది కదా అనిపించొచ్చు. అన్నీ ఒకేసారి గరిష్ఠంగా తీసుకోకూడదు, మొత్తం మీద 550 దాటకూడదు అని దాని అర్థం.

ఇదే కార్డు మీద మనసు పడ్డ స్నేహితుడు కూడా తన సప్లై లేబుల్ ఫోటో పంపాడు. అది 500 వాట్లది. నాదానికి 50 వాట్లే తక్కువ కదా, నాకు సరిపోతే తనకూ దాదాపు సరిపోతుందని వాడి ఆలోచన. పట్టిక చూస్తే కథ వేరుగా ఉంది. +12 వోల్టుల లైను రెండుగా విడిపోయి ఉంది: ఒకటి 18 ఆంపియర్లు, రెండోది 16. రెండూ కూడి 34 అనుకుని గుణిస్తే 408 వాట్లు వస్తాయి. కానీ ఆ రెండింటి కింద చిన్న గడిలో, రెండూ కలిపి 360 వాట్లు మాత్రమే అని ఉంది. ఆ గడినే నమ్మాలి. మిగిలిన వాట్లన్నీ 3.3, 5 వోల్టుల లైన్లకు పోయాయి. ఒకప్పుడు ప్రాసెసర్లు 5 వోల్టుల లైను మీద నడిచేవి కాబట్టి ఆ పంపకానికి అర్థం ఉండేది. పెంటియం 4 కాలంలో ప్రాసెసర్‌కు ప్రత్యేకంగా 12 వోల్టుల కనెక్టర్ వచ్చాక భారమంతా ఇటు మారింది. అంకెల్లో 50 వాట్ల తేడాతో ఉన్న మా రెండు సప్లైల మధ్య అసలు తేడా 156 వాట్లు. ఇది నా కళ్ళతో చూశాక, పెట్టె మీది పెద్ద అంకెను బట్టి ఎవరికీ సలహా ఇవ్వకూడదని గట్టిగా అనిపించింది.

ఇంకో మాట. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలను చాలామంది నాణ్యతకు హామీగా చూస్తారు. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి అందుతుందో చెప్పే ముద్ర అది. సప్లై ఎంత భారం మోయగలదో, ఎన్నాళ్ళు మన్నుతుందో దాన్నిబట్టి చెప్పలేం.

ఇక కాగితం మీద లెక్క. కార్డుకు 200. నా ప్రాసెసర్ ఐ5-12400. దాని పేరు పక్కన 65 వాట్లు అని కనిపిస్తుంది కానీ టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 117 వరకు వెళ్ళగలదు, కాబట్టి 117 వేసుకున్నాను. మదర్‌బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, ఒక ఎస్ఎస్‌డీ, ఒక హార్డ్ డిస్క్ అన్నిటికీ కలిపి కాస్త ధారాళంగానే 60 వేశాను. మొత్తం 377. నా 516లో ఇంకా దాదాపు 140 వాట్లు మిగులుతాయి. స్నేహితుడి ప్రాసెసర్ కూడా నాదే కావడంతో, వాడి 360 సరిపోదని అక్కడే తేలిపోయింది.

అయినా అంచనాలతో ఆగాలనిపించలేదు. గోడ సాకెట్‌కూ ప్లగ్‌కూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ తెచ్చాను. మానిటర్ ప్లగ్‌ను వేరే సాకెట్‌కు మార్చాను, లేకపోతే దాని వాట్లు కూడా కలిసిపోతాయి. నా పాత కార్డు జీటీఎక్స్ 1660 సూపర్, 125 వాట్లది. ప్రాసెసర్‌కూ కార్డుకూ ఒకేసారి పూర్తి లోడ్ ఇచ్చి చూస్తే మీటర్ 300 దగ్గర నిలిచింది.

ఈ 300ను తీసుకెళ్ళి నేరుగా 550తో పోల్చకూడదు. సప్లై మీద రాసిన వాట్లు అది లోపలికి ఇచ్చేవి. మీటర్ చూపించేది అది గోడ నుంచి తీసుకునేది. నాది బ్రాంజ్ కాబట్టి సగం లోడ్ దగ్గర 85 శాతం అందుతుందనుకుంటే, భాగాలకు నిజంగా చేరుతున్నది దాదాపు 255 వాట్లు. పాత కార్డుకూ కొత్త కార్డుకూ తేడా 75. కలిపితే 330. కాగితం మీద వచ్చిన 377 కన్నా ఇది తక్కువే, ఎందుకంటే అక్కడ అన్నిటికీ గరిష్ఠం వేసుకున్నాను. రెండు దారుల్లో వచ్చినా జవాబు ఒకటే కావడంతో నా మనసు కుదుటపడింది. పాత కార్డు ఉన్నవాళ్ళందరికీ ఈ పద్ధతే నేను గట్టిగా చెబుతాను: ఇప్పుడు ఎంత తీసుకుంటోందో కొలవండి, కార్డుల మధ్య తేడా కలపండి.

వాట్లు సరిపోయాయి కదా అని కేబుళ్ళను వదిలేయకూడదు. ట్యాంకు ఎంత పెద్దదైనా పైపు సన్నదైతే నీళ్ళు అంతే వస్తాయి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. 6 పిన్ కనెక్టర్ ఇంకో 75, 8 పిన్‌ది 150 ఇస్తాయి. 4070లో కొన్ని మోడళ్ళకు ఒక్క 8 పిన్ చాలు: 150, 75 కలిపి 225, కార్డుకు కావలసింది 200. కొన్ని మోడళ్ళకు కొత్త 16 పిన్‌ల 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టర్ ఉంటుంది, దానికి కార్డుతో పాటు అడాప్టర్ వస్తుంది. నా సప్లైకి 6+2 పిన్‌ల కేబుల్ ఉంది, పాత కార్డు దాని మీదే నడిచింది. అందుకని ఒక్క 8 పిన్ మోడల్‌నే ఎంచుకున్నాను. రెండు 8 పిన్‌లు అడిగే పెద్ద కార్డయితే, ఒకే కేబుల్‌కు వేలాడే రెండు తలలు కాకుండా రెండు వేర్వేరు కేబుళ్ళు పెట్టడం మేలు.

ఇక్కడ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. హార్డ్ డిస్క్‌ల్లాంటి వాటికి కరెంటు ఇచ్చే సాటా కనెక్టర్ నుంచి 8 పిన్‌కు మార్చే అడాప్టర్లు దొరుకుతాయి. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దాని మీద 150 వాట్ల భారం వేస్తే ప్లాస్టిక్ కరిగిపోతుంది, మంటలు కూడా రావచ్చు. అలాగే ప్రాసెసర్‌కు వెళ్ళే 8 పిన్‌ను (అది 4+4గా విడిపోతుంది) కార్డు 8 పిన్‌గా పొరబడకూడదు. రెండింటిలో 12 వోల్టుల పిన్‌లు, గ్రౌండ్ పిన్‌లు తారుమారుగా ఉంటాయి. దూరకపోతే బలవంతంగా తోయొద్దు.

క్షణకాలపు కుదుపుల గురించి కూడా ఆలోచించాను. కార్డు సగటున 200 తీసుకున్నా, సెకనులో అతి చిన్న భాగంపాటు అంతకు చాలా పైకి ఎగుస్తుంది. మీటర్ దాన్ని పట్టుకోలేదు. 3080, 3090 కార్డులు వచ్చినప్పుడు, లెక్క ప్రకారం చాలినన్ని వాట్లున్న కొన్ని సప్లైలు కూడా ఈ కుదుపులకే రక్షణ వ్యవస్థ పనిచేసి ఆగిపోయాయి. పవర్ సప్లైల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇందుకే, 100 మైక్రోసెకన్లపాటు రెట్టింపు భారాన్ని కూడా తట్టుకోవాలని షరతు పెట్టింది. నా సప్లై అంతకు ముందుది. 140 వాట్ల మిగులు నాకు అందుకే ముఖ్యమైంది. 30, 40 వాట్లే మిగిలి ఉంటే నేను కొత్తది కొనేవాణ్ణి. సప్లై వయసు కూడా చూసుకున్నాను. ఏళ్ళు గడిచేకొద్దీ కెపాసిటర్లు బలహీనపడతాయి. నాదానికి వారంటీ ఇంకా మిగిలే ఉంది.

కార్డు వచ్చాక బిగించడం తేలికే. ఓసీసీటీ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్‌నూ కార్డునూ కలిపి లోడ్ చేసే పవర్ పరీక్ష ఉంది, దాన్ని గంటసేపు నడిపాను. మీటర్ 390 దరిదాపుల్లో నిలిచింది. అందులో 85 శాతం అంటే దాదాపు 330, నేను ముందే వేసుకున్న అంకె. సెన్సర్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 12 వోల్టుల లైను ఖాళీగా ఉన్నప్పుడు 12.1, పూర్తి లోడ్‌లో 11.9 చూపింది. 11.4 నుంచి 12.6 మధ్య ఉంటే ప్రమాణం ప్రకారం సరైనదే. మదర్‌బోర్డు సెన్సర్ అంకె అంత కచ్చితమైనది కాదు కాబట్టి, అంకె కన్నా లోడ్ పడ్డప్పుడు అది ఎంత జారుతుందో గమనించాను. పరీక్ష అయ్యాక కనెక్టర్ దగ్గర చేత్తో తాకి చూశాను, గోరువెచ్చగా ఉందంతే. రాత్రంతా నడిచే రెండర్‌లకు మాత్రం కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను 80 శాతానికి తగ్గిస్తాను. 160 వాట్ల దగ్గర నడుస్తుంది, పట్టే సమయంలో నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

స్నేహితుడు సప్లై మార్చాడు. కొత్తది మాడ్యులర్‌ది, కేబుళ్ళన్నీ ఊడి వస్తాయి. పాతదీ మాడ్యులరే కావడంతో, కేబినెట్‌లో ముందే అందంగా సర్ది ఉన్న పాత కేబుళ్ళను అలాగే ఉంచి, సప్లై పెట్టె ఒక్కటే మారుద్దామన్నాడు. వద్దన్నాను. భాగాల వైపు పిన్‌ల అమరికకు ప్రమాణం ఉంది కానీ సప్లై వైపు లేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్ళలో కూడా అది వేరుగా ఉండొచ్చు. చక్కగా దూరిన కేబుల్ 5 వోల్టులు వెళ్ళాల్సిన చోటికి 12 పంపితే హార్డ్ డిస్క్‌లు అక్కడికక్కడే పోతాయి. పాత కేబుళ్ళన్నీ తీసి, కొత్త సప్లైతో వచ్చినవే మొదటి నుంచి వేశాం.